ఒక్క మ్యాచ్‌తో సీజన్ అయిపోతే ఆట ఎప్పుడు నేర్చుకుంటాం?



నేను చోడవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఈ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడాను. మా సీజన్ ఎంతో తెలుసా? ఒకే ఒక్క మ్యాచ్. నాకౌట్ కదా, 2-0తో ఓడాం, బస్సెక్కి వచ్చేశాం. బయటికొచ్చినోడి బూట్లే లోపలికెళ్లేవాడు వేసుకున్నాడు.

తిరిగొచ్చాక ఒకాయన అన్నాడు, "కొండలెక్కే పిల్లలు, పరుగు మీ రక్తంలోనే ఉంటది కదరా, ఎలా ఓడిపోయార్రా?" అని. పొగిడినట్టే ఉంది గానీ నాకు నచ్చలేదు. పరుగెత్తాం. పాస్ ఎప్పుడివ్వాలో తెలీలేదు. అది రక్తంలో రాదు, ఆడితే వస్తుంది.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశానికి నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం వచ్చాయి. ఆ టీమ్‌లకు ఆట నేర్పిన హైదరాబాద్ రహీం సాబ్ బడిపంతులు. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కు వెళ్లింది. ఎవరికీ ఊరికే రాలేదు. నేర్పేవాళ్లు ఉండాలి, ఆడే చోటుండాలి.

అందుకే నా మాట ఒకటి. టోర్నీ కోసం ఏడాదంతా కాచుక్కూర్చోవద్దు. దగ్గర్లోని నాలుగు హాస్టళ్లు కలిస్తే, ఒక్కో టీమ్ మిగతా మూడింటితో రెండేసిసార్లు ఆడొచ్చు. ఆరు ఆదివారాలు, ఆరు మ్యాచ్‌లు. ఓడిపోయినా వచ్చే ఆదివారం ఉంటుంది. మా వార్డెన్ గారిని నేను అడుగుతాను. మీ హాస్టల్లో ఎవరడుగుతారు?