ఎర్రచందనం పూసలు మన ఇంటికి వద్దు

పెళ్లికి పోయినా, గృహప్రవేశానికి పోయినా ఈ మధ్య మగవాళ్ల ముంజేతుల మీద ఒక కొత్త వస్తువు చూస్తున్నాను. ముదురు ఎరుపు చెక్కపూసల దండ. మనం అడక్కముందే "అసలైన ఎర్రచందనం" అంటారు. గొంతు కొంచెం తగ్గించి "అడవిది" అని కూడా అంటారు. ఆ తగ్గించిన గొంతులో సిగ్గు ఉండదు, గొప్ప ఉంటుంది. మెల్లగా అవే పూసలు ఆడవాళ్ల మెడల్లోకి, పిల్లల చేతుల్లోకి కూడా వస్తున్నాయి. షష్టిపూర్తికి ఏం పెడదామంటే ఎర్రచందనం మాల, కొత్త అల్లుడికి ఏం పెడదామంటే ఎర్రచందనం కడియం.

ఎవరికి ఏం పెట్టాలో ఇంట్లో చివరికి తేల్చేది మనమే. అందుకే ఈ మాట మనలో మనం మాట్లాడుకోవాలి. నేను చెప్పేది సూటిగా ఇదీ: కొనొద్దు, కట్టుకోవద్దు, ఒకరికి పెట్టొద్దు.

"చైనావాళ్లు కొంటుంటే లేంది మనం ఒక దండ కొంటే తప్పా?" అని ముందుగా వచ్చే ప్రశ్న. నిజమే, ఈ పూసల మోజుకు పెద్ద సంత చైనాయే. అక్కడ అగరు చెక్కతో చేసిన పాత జపమాలలంటే ప్రాణం పెడతారు. అగరు అంటే మన అగరొత్తి పేరులో ఉన్న అగరే. ఆ చెట్టుకు గాయమై, బూజు పట్టినప్పుడు దాన్ని తట్టుకోవడానికి చెట్టు తనలో ఊరించుకునే జిగురే ఆ వాసన. అంటే చెట్టు పడ్డ బాధే మనకు పరిమళం. చింగ్ రాజుల కాలంలో అక్కడి కొలువులో పెద్దలు 108 పూసల హారాలు వేసుకునేవాళ్లు. 108 లెక్క మన దేశం నుంచి బౌద్ధంతో పాటు పోయిందే. ఏళ్ల తరబడి వేళ్ల మధ్య తిరిగి, చెమట, చేతి నూనె ఇంకి, పూసకు ఒక నిగ్గు వస్తుంది. ఆ నిగ్గును చూసే అక్కడ పాతపూసకు విలువ కడతారు.

ఆ రుచిని నేను తప్పు పట్టను. పాతదాన్ని ప్రేమించడం మంచి గుణమే. ఇబ్బంది ఎక్కడంటే, పాతపూసలు ఉన్నవి కొన్నే, కావాలనేవాళ్లు వేలమంది. ఆ తేడాను పూడ్చడానికి కొత్త చెట్లు కూలుతాయి. నాసిరకం చెక్కను నూనెలో నానబెట్టి పాతదని అమ్మేవాళ్లూ పుడతారు. అగరుకు ఇదే జరిగింది. అడవుల్లో చెట్లు తరిగిపోయి, 1995లో దాని ముఖ్యమైన జాతిని సైటిస్ ఒప్పందం కింద పెట్టి దేశాల మధ్య అమ్మకాన్ని కట్టడి చేయాల్సి వచ్చింది. అదే 1995లో అదే ఒప్పందం కిందికి వచ్చిన ఇంకో చెట్టు మన ఎర్రచందనం.

మింగ్, చింగ్ రాజుల కాలం నుంచి ఎర్రచందనం సామానంటే చైనాలో రాజభోగం. బీజింగులో ఆ సామాను కోసమే ఒక మ్యూజియం 1999లో తెరిచారు. జపాన్‌లో షామిసెన్ అనే తంతివాద్యం మెడను ఈ చెక్కతో చేస్తారు. వాళ్లకు ఇంత విలువైన చెట్టు ప్రపంచం మొత్తంలో తనంతట తాను పెరిగేది తూర్పు కనుమల దక్షిణపు కొసనే. అందులోనూ ఎక్కువగా పాత కడప, చిత్తూరు, నెల్లూరు, కర్నూలు, ప్రకాశం జిల్లాల కొండల్లో. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణ భాగం. రాళ్లు, ఎండ, నాలుగు చినుకులు తప్ప ఏమీ లేని మన నేల మీద పంతం పట్టి బతికే చెట్టు. లోపల ఎర్రటి చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. పరదేశంవాడు ధర కట్టేదాకా అది మనకు కొండ మీది కట్టె. ధర కట్టినాక కూడా చెట్టుగా చూడలేదు, ధరగానే చూశాం. ఇప్పుడు ఆ ధరను ముంజేతికి కట్టుకుని తిరుగుతున్నాం. చైనావాడి మీద నేరం మోపి, వాడు కొనేదాన్నే మనమూ కొంటే ఇద్దరికీ తేడా ఏముంది? దూరం ఒక్కటే తేడా. వాడికి లంకమల ఎక్కడుందో తెలీదు. మనకు మేడ ఎక్కితే కనపడుతుంది.

రెండో మాట ఆరోగ్యం. బీపీ తగ్గుతుంది, చక్కెర తగ్గుతుంది, వేడి లాగేస్తుంది అని వాట్సాప్‌లో అమ్మకాలు. చక్కెర జబ్బుకు చెక్కగ్లాసులో నీళ్లు పోసి తాగే అలవాటు ఒకటి ఉంది, ఆ గ్లాసు పెద్దేగి చెక్కది. ఎర్రచందనానికి దాయాది చెట్టే గానీ ఇది కాదు. "కమ్మటి వాసన చూడండి" అని అమ్మేవాళ్లను అసలే నమ్మొద్దు. పేరులో చందనం ఉన్నా ఎర్రచందనానికి శ్రీగంధం వాసన ఉండదు. దాని గుణమంతా రంగులో, బరువులో ఉంది. చేవ ముక్కను నీళ్లలో వేస్తే మునుగుతుంది. వాసన వస్తోందంటే పైన అత్తరు పూశారనే. బీపీకి మాత్ర ఉంది, ఉప్పు తగ్గించడం ఉంది, నడక ఉంది. మనిషి చేతికి పూసలు కట్టి మాత్ర మాన్పించే ఇల్లాలు ఆ మనిషికి మేలు చేయడం లేదు.

మూడో మాట భక్తి. దేవుడి పేరు చెప్తే మనం నోరు మూసుకుంటామని వాళ్లకు తెలుసు. నేను మూసుకోను. జపానికి తులసి మాల ఉంది, తామర గింజల మాల ఉంది, స్ఫటికం ఉంది. ఏమీ లేకపోతే వేళ్ల కణుపులున్నాయి, మన పెద్దవాళ్లు వాటి మీదే లెక్క పెట్టేవాళ్లు. శేషాచలం ఏడుకొండలవాడి కొండ. ఆ కొండలో దొంగతనంగా కొట్టిన చెట్టుతో ఆయన పేరే జపించడం ఏం భక్తో ఆలోచించండి.

రక్తచందనం అన్న పేరులో రక్త అంటే ఎర్రనిది అనే అర్థం. బీఏలో తెలుగు చదివినప్పుడు అంతవరకే తెలుసు. ఆ మాటకు నెత్తురు అర్థం తర్వాత వచ్చి చేరింది. 2013 డిసెంబరులో శేషాచలం అడవిలో స్మగ్లర్ల ముఠా ఇద్దరు అటవీ ఉద్యోగులను చంపింది. 2015 ఏప్రిల్ 7న అదే అడవిలో పోలీసుల కాల్పుల్లో 20 మంది చనిపోయారు. ఆత్మరక్షణ కోసం కాల్చామని పోలీసులు చెప్పారు, హక్కుల సంఘాలు ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమైనా ఒకటి మాత్రం మారదు. చనిపోయినవాళ్లు తమిళనాడులో తిరువణ్ణామలై, ధర్మపురి వంటి జిల్లాల నుంచి గొడ్డలి పట్టుకుని కూలికి వచ్చిన పేదలు. సరుకు కొన్నవాడు, ఓడ ఎక్కించినవాడు ఆ శవాల్లో లేడు. అటు అటవీ ఉద్యోగుల ఇళ్లల్లోనూ, ఇటు కూలీల ఇళ్లల్లోనూ తెల్లారి పొయ్యి ముందు కూర్చున్నది ఆడమనిషే. పిల్లలకు ఏం చెప్పాలో వెతుక్కున్నదీ ఆమే.

సినిమాలో ఇదే కథ వేరే రకంగా చూశాం. 2021లో 'పుష్ప' వచ్చినప్పుడు మన ఇళ్లల్లో పిల్లలు గడ్డం కింద చెయ్యి తిప్పుతూ నెల రోజులు తిరిగారు. సినిమాను సినిమాగా చూడొచ్చు, నాకేం పట్టింపు లేదు. కానీ దుంగ మోసిన కూలి మీద సినిమా రాదని పిల్లలకు చెప్పే బాధ్యత మనదే.

"బిల్లు ఉంటేనో?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. పట్టా పొలంలో ఎర్రచందనం పెంచే రైతులున్నారు. చెట్టు కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. పట్టుబడ్డ దుంగలను ప్రభుత్వం 2014 నుంచి ఈ-వేలంలో అమ్ముతోంది. ఆ కాగితాలు చూపించేవాడి దగ్గర కొంటే నాకు తగువు లేదు. కానీ పూసల దండ అమ్మేవాణ్ని ఒక్కసారి కాగితం అడిగి చూడండి. "అవన్నీ దేనికక్కా, నమ్మకం మీద తీస్కోండి" అంటాడు. నమ్మకం మీద కొన్నదానికి రెండే దారులు. నకిలీ అయితే మన డబ్బు పోయింది. అసలైతే మన కొండ పోయింది.

పాతదాని అందం తెలియక ఇదంతా అంటున్నానని అనుకోవద్దు. మా జేజి దగ్గర బొటనవేలంత ఎర్రచందనం ముక్క ఒకటి ఉండేది. సెగగడ్డ లేచినా, మొటిమ వచ్చినా, వాపు కనపడినా సాన మీద నాలుగు చుక్కల నీళ్లేసి అరగదీసి పట్టు వేసేది. మా నాయన వాళ్లకు, మాకు, మా పిల్లలకు అదే ముక్క. ఒకవైపు వేలు ఆనే చోట చిన్న గుంట పడింది, మిగతాదంతా నల్లగా నిగనిగలాడుతుంది. మూడు తరాలు వాడినా సగం కూడా అరగలేదు. దాని నిగ్గు ముందు ఏ దుకాణంలో దండా నిలవదు. ఆ నిగ్గు వాడితే వచ్చింది. మనం రోజూ వేసుకునే నల్లపూసలకు, అమ్మ వాడిన కవ్వం పిడికి వచ్చినట్టే వచ్చింది. దాన్ని ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు.

మన ఇళ్లల్లో ఇలాంటి ముక్కలు, తిరుపతి నుంచి తెచ్చిన పాత చెక్కబొమ్మలు ఇంకా ఉన్నాయి. అటకల మీద, పోపుల డబ్బాల అడుగున వెతకండి. తుడిచి, ఇది ఫలానా జేజిది అని పిల్లల చేతికి ఇవ్వండి. పాతవాటిని సేకరించాలని మనసు పడితే అక్కడ మొదలుపెడదాం. కొత్త దండ ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే మొహమాటపడకుండా కాగితం అడుగుదాం. లేదంటే "వద్దన్నా, మా ఇంట్లో ఇవి పెట్టుకోం" అని వెనక్కి ఇచ్చేద్దాం. పిండివంట నచ్చకపోతే మొహం మీదే చెప్పే మనకు ఈ ఒక్క మాట చెప్పడం కష్టమా?