గిట్టుబాటు కాదంటే ఎట్లా?

అన్నలూ, తండాకు బస్సు పంపమంటే "గిట్టుబాటు కాదు" అన్నరు స్కూలోళ్లు. 40 సీట్ల బస్సు మన ఊరి దాకా వస్తది, ఎక్కేది 24 మంది. 3 కిలోమీటర్ల అవతల తండా పిల్లలు 14 మంది ఒక్క ఆటోలో కుక్కుకొని పోతున్నరు.

నా లెక్క వినండి. పొద్దున స్కూలు నుంచి 15 కిలోమీటర్లు ఖాళీగా వస్తది, సాయంత్రం ఖాళీగానే పోతది. ఆర్టీసీ నైట్‌హాల్ట్ బస్సు లెక్క రాత్రి తండాలనే ఆపితే ఆ 30 కిలోమీటర్లు మిగులుతయి. లీటరుకు 5 కిలోమీటర్లు అనుకున్నా రోజుకు 6 లీటర్ల డీజిల్. తండా దాకా పొడిగిస్తే పెరిగేది రెండు పూటలా కలిపి 6 కిలోమీటర్లే. డ్రైవరుది పక్క ఊరే, ఆయనకూ సుఖం. బండికి కాపలా మనం ఉందాం.

జూన్ 12న బడి తెరిచేలోపు అందరం పోయి అడుగుదాం. ఆటో బోల్తా పడ్డంక అడిగితే ఏం లాభం?