ముదిరిన గ్రీజు

ఏ రైలుదారి మీదనైనను బండి స్టేషను దాటునపుడు సిబ్బంది నిలుచుండి, ఇరుసులలో ఏదైనను కాలుచున్నదా, పొగ చిమ్ముచున్నదా యని చూతురు. ఆ జాగరూకత మన రైసుమిల్లులకు ఇంకను అబ్బలేదు. ధాన్యపు మాసములలో రేయింబవళ్ళు తిరుగు ఎలివేటరు, పాలిషరు, బ్లోయరుల బేరింగులకు గ్రీజు పట్టించితిమి గదా యని నిశ్చింతగా నుండుట పెక్కుచోట్ల అలవాటైనది.

గ్రీజనగా సబ్బునారల అల్లికలో ఇమిడియున్న తైలము. ఆ అల్లిక కొద్దికొద్దిగా విడుచు నూనెయే గుండ్లకును వాటి దారికిని నడుమ పొరయై నిలిచి లోహమును లోహము రాచుకొననీయదు. ఉష్ణము హెచ్చినకొలది ఆ తైలములో కొంత ఆవిరియగును, కొంత కారిపోవును, మిగిలినది ప్రాణవాయువుతో కలసి ఆమ్లములుగాను మడ్డిగాను పరిణమించును. బజ్జీల మూకుడులో మరలమరల కాగిన నూనె నల్లబడి చిక్కబడుటయు ఇట్టి క్రియయే. తయారీలో చేర్చిన ఆక్సీకరణ నిరోధకములు ఉన్నంతవరకు మార్పు మెల్లగా సాగి, అవి వ్యయమైన పిదప గ్రీజు వడివడిగా ముదురును.

మూత విప్పి చూచిన చాలును: మెత్తగా నుండవలసిన గ్రీజు కాటుకరంగు తిరిగి, మాడువాసన గొట్టి, గుండ్లను పట్టియుంచు కేజి అంచున పెళుసుపెచ్చుగా కట్టియుండును, వేళ్ళ నడుమ నలిపినచో జిడ్డునకు బదులు గరుకు తగులును. పదార్థమున్నది, తైలము లేదు.

సాధారణ లిథియం గ్రీజు సుమారు 180 డిగ్రీల వరకు కరగి జారదను మాట నిజమే గాని, అది బొట్టు జారు హద్దు, పనిచేయు హద్దు కాదు. 70 డిగ్రీలు దాటిన పిదప ప్రతి 15 డిగ్రీల పెరుగుదలకు గ్రీజు ఆయుస్సు సగమగునని యంత్రజ్ఞులు పాటించు లెక్క; అనగా 70 వద్ద నాలుగు మాసములు నిలుచునది 100 వద్ద ఒక మాసమునకే ముదురును. కావున ఊకపొయ్యి వేడిగాలిని డ్రయ్యరులోనికి తోలు బ్లోయరు బేరింగునకును, చల్లగా తిరుగు ఎలివేటరు బేరింగునకును ఒకే గడువు పెట్టరాదు.

గ్రీజు గన్నుతో నిండుగా కొట్టుటయు విరుగుడు కాదు. వడిగా తిరుగు బేరింగులకు హౌసింగు ఖాళీలో మూడవవంతు మొదలు సగమువరకు చాలును. అంతకుమించినది చిలుకబడి తానే వేడిని పుట్టించును. ఒకజాతి గ్రీజుపై పొసగని వేరొక జాతిని ఎక్కించినచో అల్లికయే చెడి నూనె కారిపోవచ్చును. ఊకయు తవుడుదుమ్మును నిండిన చోట కాలిన బేరింగు నిప్పునకు మూలము కాగలదు. అచట పనిచేయు కూలీల ప్రాణములు మిల్లు నష్టముకంటె ఎంతో విలువైనవి.

ప్రతి బేరింగునకును గ్రీజు జాతి, మార్చిన తేది, నడుచునపుడు హౌసింగు వేడి వ్రాసియుంచు పుస్తకమొకటి ప్రతి మిల్లులోను ఉండవలెను. ఖరీఫు ధాన్యము వచ్చుటకు ముందే, మిల్లు నిలిచియున్న దినములలో, పెచ్చుకట్టిన పాత గ్రీజును కడిగి తుడిచి, ఆ పిమ్మటనే కొత్తది పెట్టవలెను.