వీపు మోయగలిగినంతే

ఈ వేసవి సంచిక ప్రయాణాలది. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం పూర్తయ్యాక మన మెట్‌పల్లి నుంచి ఊళ్లు చూడబోవడం సులువైంది. పిల్లలు హాస్టళ్లలో మంచం అద్దెకు తీసుకుని తిరుగుతున్నారు. పెట్టెలు మాత్రం ఇంకా పెళ్లికి పోతున్నట్టే సర్దుతున్నారు!

1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరినప్పుడు పల్లకీ, బోయీలు, డేరాలు, పరివారం వెంట నడిచాయి. ఆ రోజుల్లో అది అవసరం. హాస్టల్లో పైమంచం ఎక్కేవాడికి బండ సూట్‌కేసు ఎందుకు?

ఈ సంచికలో రాసినవాళ్లు వెళ్లిన దారులు వేరు, అందరూ వదిలేసినవి దాదాపు ఒకటే: మందపాటి జీన్సు, రెండో జత బూట్లు, ‘ఎందుకైనా మంచిదని’ పెట్టుకునేవన్నీ. వెంట ఉంచుకున్నవాటిలో మాకు బాగా నచ్చింది పలుచటి నూలు తువ్వాల. రాత్రి పిండి మంచం కడ్డీకి ఆరేస్తే తెల్లారేసరికి ఆరుతుంది. ఎండలో తలకు చుట్టుకోవచ్చు, రైల్లో కప్పుకోవచ్చు. ఖాదీకి పేరున్న ఊరివాళ్లం, మనకు వేరే చెప్పాలా? లాకర్‌కు సొంత తాళం మాత్రం మరవొద్దు.

సంచి సర్దాక వీపుకు తగిలించుకుని బస్టాండు దాకా ఓసారి నడిచి రండి. భుజం నొస్తే ఇంకో ప్యాంటు తీసేయండి.