ఇంగ్లీషు మాకు వదిలేయండి, ఇంట్లో మన మాట ఉండనివ్వండి



పేరెంట్స్ మీటింగ్ రోజున ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "టీచర్, ఇంట్ల గూడ ఇంగ్లీషులనే మాట్లాడమంటరా?" ఇంగ్లీషు చెప్పే టీచర్‌ని కాబట్టి తప్పకుండా మాట్లాడమంటానని అనుకుంటారు. నా జవాబు మాత్రం "వద్దు" అనే. ఎందుకు వద్దో చెప్పడానికి మీటింగులో దొరికే రెండు నిమిషాలు సరిపోవు. అందుకే ఈ నెల ఈ పేజీలో రాస్తున్నాను. దీనికి నాకు దొరికిన మంచి ఉదాహరణ భాషా పండితులది కాదు, అమెరికాలో జాజ్ సంగీతం వాయించే ఒక సాక్సోఫోన్ కళాకారుడిది.

ఆయన పేరు రుద్రేశ్ మహంతప్ప. కర్ణాటక నుంచి వెళ్లిన కుటుంబం. తండ్రి భౌతికశాస్త్ర ప్రొఫెసర్. రుద్రేశ్ 1971లో ఇటలీలోని ట్రియెస్టే నగరంలో పుట్టి, అమెరికాలోని కొలరాడో రాష్ట్రం బౌల్డర్‌లో పెరిగారు. చిన్నప్పుడే సాక్సోఫోన్ పట్టుకున్నారు. చార్లీ పార్కర్ వాయించిన జాజ్ విని ఆ దారిలోనే వెళ్లిపోయారు. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివి, తర్వాత న్యూయార్క్ చేరారు. ఇప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జాజ్ విభాగాన్ని నడుపుతున్నారు.

జాజ్ అంటే తెలియని వారి కోసం ఒక మాట. అమెరికాలోని నల్లజాతి ప్రజలు తమ కష్టాల్లోంచి, పని పాటల్లోంచి, చర్చి పాటల్లోంచి పుట్టించుకున్న సంగీతం అది. ముందు ఒక బాణీ అనుకుంటారు. ఆ తర్వాత వాయించేవాడు అప్పటికప్పుడు తన మనసులో వచ్చినట్టు దాన్ని పెంచుకుంటూ పోతాడు. మన కర్ణాటక సంగీతంలో మనోధర్మం అంటామే, దాదాపు అలాంటిదే. కాబట్టి జాజ్ వాయించేవాడు తన కథ తానే చెప్పుకోవాలి. వేరేవాళ్ల కథ అరువు తెచ్చుకుంటే వినేవాళ్లకు తెలిసిపోతుంది.

మరి రుద్రేశ్ కథ ఏది? పేరు భారతీయం, పెరిగింది అమెరికాలో. భారతదేశం నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలను అక్కడివాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నువ్వు ఇండియన్ మాట్లాడతావా?" ఇండియన్ అనే భాష ఒకటి ఉందనుకుని అడిగే ప్రశ్న అది. కొందరు నవ్వి ఊరుకుంటారు, కొందరు చిరాకు పడతారు. రుద్రేశ్ ఆ ప్రశ్న మీద ఒక ఆల్బమ్ చేశారు.

ఆయన అమెరికాలో ఉండే భారతీయులను ఇదే ప్రశ్న అడిగి, జవాబు వాళ్ల వాళ్ల భాషల్లో చెప్పమన్నారు. ఆ మాటలను మళ్లీ మళ్లీ విని, గొంతు ఎక్కడ లేచిందో, ఎక్కడ దిగిందో, ఎక్కడ సాగిందో, ఎక్కడ ఆగిందో స్వరాలుగా రాసుకున్నారు. ఆ స్వరాల నుంచి బాణీలు కట్టారు. పియానో మీద విజయ్ అయ్యర్, ఇంకా బాస్, డ్రమ్స్ తోడయ్యాయి. 2004లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరు 'మదర్ టంగ్', అంటే మాతృభాష. అందులో కన్నడ, గుజరాతీ, కొంకణి, తమిళం, మలయాళం పేర్లతో బాణీలున్నాయి. వాటి మధ్య ఒకదాని పేరు 'తెలుగు'.

ఆ బాణీలో మనకు తెలిసిన మాట ఒక్కటీ వినిపించదు. పాడేవాళ్లు లేరు, సాక్సోఫోనే ఉంది. కానీ దాని వెనక ఉన్నది మన భాష మాట్లాడిన ఒక మనిషి గొంతు. మాటలన్నీ తీసేశాక కూడా మిగిలేది ఒకటుందని ఆ బాణీ చెబుతుంది. అదే భాషలోని నడక. ఇంట్లో మీరు పిల్లలకు ఇచ్చేది మొదట ఆ నడకే, మాటలు తర్వాత వస్తాయి.

ఇది కవిత్వం కోసం అంటున్న మాట కాదు. 2009లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకురాలు కాథ్లీన్ వెర్మ్‌కె బృందం పుట్టి మూడు నుంచి అయిదు రోజులైన 60 మంది పసిపిల్లల ఏడుపులను పరిశీలించింది. సగం మంది ఫ్రెంచ్ ఇళ్ల పిల్లలు, సగం మంది జర్మన్ ఇళ్ల పిల్లలు. ఫ్రెంచ్ పిల్లల ఏడుపు ఎక్కువగా కింది నుంచి పైకి లేచింది. జర్మన్ పిల్లల ఏడుపు పై నుంచి కిందికి దిగింది. ఆ రెండు భాషల మాటల నడక కూడా అలాగే ఉంటుంది. అంటే బిడ్డ కడుపులో ఉండగానే తల్లి భాష రాగం వింటోందన్నమాట. నర్సరీలో అడ్మిషన్ తీసుకునే రోజుకు మీ బిడ్డ ఆ రాగంలో మూడేళ్ల సీనియర్.

ఈ సంగతి నా ఏడో తరగతి పిల్లలతో ఒక ఆటగా ఆడించాను. నోరు మూసుకుని, మాట పలకకుండా, ఇంట్లో రోజూ వినే ఒక వాక్యాన్ని గొంతులోనే మూలగాలి. మిగతావాళ్లు అదేమిటో చెప్పాలి. ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ అన్నానికి పిలిచే పిలుపును మూలిగితే క్లాసంతా ఒక్కసారి "అన్నం తిందువు రా!" అని అరిచింది. "ఏందిరా" అన్న ఒక్క మాటను మరో అబ్బాయి మూడు రకాలుగా మూలిగాడు. ఒకటి ప్రేమ, ఒకటి కోపం, ఒకటి ఆశ్చర్యం. మూడూ కనిపెట్టారు. ఆ తర్వాత ఇంగ్లీషు వాక్యాలతో ఆడించాను. ఇంగ్లీషులో బరువంతా కొన్ని మాటల మీదే పడుతుందని, మిగతావి పరుగెత్తి పోతాయని నేను చెప్పకముందే వాళ్లే పట్టుకున్నారు. ఉచ్చారణ గురించి నేను చెప్పే పాఠంలో అదే కష్టమైన భాగం. ఇంటి భాష వినడంలో ఆరితేరిన చెవి కాబట్టి కొత్త భాషలో తేడా దానికి చప్పున తెలిసింది. ఇంటి తెలుగు ఇంగ్లీషుకు అడ్డం కాదు, పునాది.

మీ భయం నాకు తెలుసు. ఇంగ్లీషు రాక ఇంటర్వ్యూల్లో తలదించుకున్నవాళ్లు, హైదరాబాద్ ఆఫీసుల్లో వెనకబడ్డవాళ్లు మీలో ఉన్నారు. కామినేని ఆసుపత్రిలో డాక్టరు రాసిన కాగితం చదవలేక ఎవరినో బతిమాలుకున్నవాళ్లూ ఉండొచ్చు. మా పిల్లలకు ఆ గతి పట్టొద్దని మీరు ఫీజులు కడుతున్నారు. ఆ కోరిక న్యాయమైనది. దాన్ని తీర్చే బాధ్యత మాది. చక్కగా చదవడం, రాయడం, ధైర్యంగా మాట్లాడడం మేం నేర్పాలి. నేర్పకపోతే నిలదీయండి.

కానీ ఇంట్లో ఇంగ్లీషు మొదలుపెట్టాక ఏం జరుగుతోందో చూడండి. "కమ్", "సిట్", "ఈట్ ఫాస్ట్", "హోంవర్క్ ఫినిష్డ్?" అన్నంత వరకే చాలా ఇళ్లలో ఇంగ్లీషు నడుస్తుంది. అక్కడితో సంభాషణ ఆగిపోతుంది. పొద్దంతా ఎందుకు దిగులుగా ఉన్నావని బిడ్డను అడగడానికి ఆ ఇంగ్లీషు సరిపోదు. అప్పు ఎందుకు చేశామో, పొలం ఎందుకు అమ్మామో, మేనమామతో మాటలు ఎందుకు తెగిపోయాయో చెప్పడానికి చాలదు. ఇంగ్లీషు పెరుగుతోందని మనం అనుకుంటుంటే, తల్లికీ బిడ్డకూ మధ్య మాటలే తగ్గిపోతున్నాయి.

మన జిల్లా సంగతే ఒకటి చెబుతాను. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని 'నీరీ' సంస్థ తయారుచేసింది. దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. సైన్సు టీచర్ దీన్ని ఇంగ్లీషులో చక్కగా చెప్పగలరు. పిల్లలు పరీక్షలో రాయగలరు. కానీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంగిన ముసలాయన ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటే, ఆయన పడ్డ బాధ ఇంగ్లీషులో రాదు. "తాతా, నీ కాళ్లు గిట్లెందుకైనయ్?" అని అడగగలిగిన పిల్లకే ఆ జవాబు దొరుకుతుంది. ఆ పాఠం మా సిలబస్‌లో లేదు. చెప్పగలిగిన టీచర్లు మీ ఇళ్లలోనే ఉన్నారు.

నేనంటున్నది పుస్తకంలోని తెలుగు గురించి మాత్రమే కాదు. మనం మాట్లాడే ఈ నల్లగొండ మాట గురించి. "నీదేం తెలుగు?" అని వేరే ఊళ్లో ఎవరైనా వెక్కిరిస్తే పిల్లలు చిన్నబోతారు. ఇదే జిల్లా మాటతో సుద్దాల హనుమంతు పాటలు కట్టి, సాయుధ పోరాట కాలంలో ఊరూరా పాడారు. జనం అర్థం చేసుకున్నారు, కదిలారు. పాటకు సరిపోయిన యాస ఇంటికి సరిపోదా?

ఇక అమెరికా ఆశ. ఇది కూడా దాచుకోవాల్సిన పని లేదు. మన మండలంలోనే ఎన్నో ఇళ్ల పిల్లలు అక్కడ ఉన్నారు. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని అక్కడి జనగణన లెక్కల మీద వచ్చిన ఒక నివేదిక చెప్పింది. పెరుగుదల 86 శాతం. మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలు దాటారు. అక్కడికి వెళ్లినవాళ్లు మొదటి పదేళ్లు ఉద్యోగం, వీసా, ఇల్లు అని పరుగెత్తుతారు. పిల్లలు పెరిగాక ఉన్నట్టుండి గుర్తొస్తుంది. సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన 'మనబడి' లాంటి తరగతులకు ఫీజు కట్టి, సెలవు రోజున కారులో తీసుకెళ్లి, పిల్లలకు అ ఆలు దిద్దిస్తారు. అక్కడ డబ్బూ సమయమూ పెట్టి కొనుక్కుంటున్న దాన్ని, నార్కట్‌పల్లిలో ఉండి, నాయనమ్మ పక్కనే కూర్చుని, మనం ఉచితంగా పారేసుకోవడం ఎంతవరకు సబబు?

రుద్రేశ్ దారి కూడా చివరికి ఇటే తిరిగింది. బర్క్‌లీలో చదివే రోజుల్లో అన్నయ్య సరదాకు ఒక ఆల్బమ్ కానుకగా ఇచ్చాడు. అది కద్రి గోపాల్‌నాథ్ సాక్సోఫోన్ మీద వాయించిన కర్ణాటక సంగీతం. గోపాల్‌నాథ్ మంగళూరు ప్రాంతపు నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని, ఆ విదేశీ వాయిద్యం మీద మన గమకాలు పలికించడానికి ఏళ్ల తరబడి సాధన చేశారు. అమెరికాలో పెరిగిన రుద్రేశ్, మంగళూరు గోపాల్‌నాథ్ కలిసి 2008లో 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ తెచ్చారు. ఆ పేరుకు అర్థం బంధువులు. 2019లో గోపాల్‌నాథ్ కన్నుమూశారు. వాయిద్యం పరాయి దేశానిదైనా, లోపల సొంత రాగం ఉంటే అది మనదే అవుతుందని ఆ ఇద్దరూ రెండు వైపుల నుంచీ చూపించారు. ఇంగ్లీషు కూడా మన పిల్లల చేతిలో సాక్సోఫోన్ లాంటిదే. వాయించడం మేం నేర్పుతాం. అందులో ఊదాల్సిన ఊపిరి ఇంటి నుంచే రావాలి.

అందుకని మీకు మూడు విన్నపాలు. ఒకటి, రాత్రి అన్నం దగ్గర టీవీ, ఫోన్ పక్కన పెట్టి పావుగంట మన మాటలో మాట్లాడండి. ఆదేశాలు కాదు, ముచ్చట్లు. రెండు, ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చిన్ననాటి సంగతులు, చెరువుగట్టు జాతరకు బండి కట్టుకుని పోయిన ముచ్చట్లు పిల్లల చేత ఫోన్‌లో రికార్డు చేయించండి. వాటిలో ఒక దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాసుకొస్తే నేను దిద్దుతాను. అంతకంటే మంచి ఇంగ్లీషు హోంవర్క్ నాకు తెలియదు. మూడు, పిల్లలు తెలుగులో మాట్లాడినందుకు బంధువుల ముందు "ఇంగ్లీషులో చెప్పు" అని గద్దించకండి.

స్కూలు వైపు నుంచి కూడా ఒక మాట అనాలి. ఇంగ్లీషు పీరియడ్‌లో ఇంగ్లీషే నడవాలి, అందులో నేను గట్టిగానే ఉంటాను. కానీ ఆటస్థలంలో, లంచ్ బాక్స్ దగ్గర తెలుగు మాట్లాడిన పిల్లను తప్పు చేసినట్టు నిలబెట్టడం ఏ స్కూల్లోనూ ఉండకూడదన్నది నా అభిప్రాయం. భయపెట్టి ఒక భాషను వెళ్లగొడితే ఆ ఖాళీలోకి ఇంకో భాష రాదు, మౌనం వస్తుంది.

'మదర్ టంగ్' ఆల్బమ్‌లో ఇంకో బాణీ కూడా ఉంది. దాని పేరు 'ఇంగ్లిష్'. తెలుగు, కన్నడ, తమిళాలతో పాటు అదే వరుసలో కూర్చుంది, పైనా కాదు, కిందా కాదు. మన పిల్లల నోటిలో కూడా ఈ రెండు భాషలు అలాగే పక్కపక్కన ఉండాలని నా కోరిక. ఒకదాని బాధ్యత నేను తీసుకుంటున్నాను. రెండోది మీ చేతుల్లోనే ఉంది.