మాట దుబాయ్‌లో, లెక్క కబాడీ దుకాణంలో

ప్రభుత్వం ఏదైనా కొనాలంటే టెండర్ పిలుస్తుంది. వంతెన అయినా, బడి గది అయినా, ఆస్పత్రి మంచాలైనా పద్ధతి ఒకటే. అర్హత ఉన్నవాళ్లలో ఎవరు తక్కువ రేటు వేస్తే పని వాళ్లకే. కాంట్రాక్టర్ల భాషలో దీన్ని ఎల్-1 అంటారు. చిన్న చిన్న సివిల్ పనులు చేసుకుని బతికే కుటుంబాలకు ఈ మాట బాగా తెలుసు. పదివేల తేడాతో ఎల్-2గా మిగిలిపోయి, కట్టిన ఈఎండీ వెనక్కి తెచ్చుకున్న రోజులూ తెలుసు.

ఆ లెక్కలోకి ఇప్పుడు కొత్త అంకె ఒకటి రాబోతోంది. కొనే ఉక్కు, సిమెంటు తయారయ్యేటప్పుడు ఎంత కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిందన్నదే ఆ అంకె. ఏదో ఒక దేశం ఒంటరిగా తలపెట్టిన పని కాదిది. కొన్ని ప్రభుత్వాలు కలిసి కూర్చుని అనుకున్నది. ఆ ప్రయత్నాన్ని ముందుండి నడిపిస్తున్న రెండు దేశాల్లో భారత్ ఒకటన్న సంగతి మాత్రం ఇక్కడ చాలామంది చెవిన పడలేదు.

2021 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ యునిడో సమన్వయంతో ఒక కూటమి మొదలైంది. పేరు ఇండస్ట్రియల్ డీప్ డీకార్బనైజేషన్ ఇనిషియేటివ్, పొట్టిగా ఐడీడీఐ. బ్రిటన్, భారత్ దీనికి సహ నాయకులు. జర్మనీ, కెనడాతో పాటు సౌదీ అరేబియా, యూఏఈ కూడా ఇందులో ఉన్నాయి. అంటే నిజామాబాద్, కరీంనగర్, కడప నుంచి వెళ్లిన మనవాళ్లు రాడ్ బెండింగ్, షట్టరింగ్ పనులు చేస్తున్న దేశాలు కూడా ఈ గుంపులోవే.

ఉక్కు, సిమెంటే ఎందుకంటే, వాటి పొగ అంత సులువుగా తగ్గేది కాదు. ఉక్కు కోసం బొగ్గుతో ఖనిజాన్ని కరిగించాలి. సిమెంటు సంగతి ఇంకా కష్టం. సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం ఎంత శుభ్రమైనది వాడినా ఆ భాగం పోదు. ఫ్యాక్టరీ మార్చాలంటే వేల కోట్లు కావాలి. సరుకు కొంటారన్న నమ్మకం లేకుండా ఏ యజమానీ అంత పెట్టుబడి పెట్టడు. ఆ నమ్మకం ఇవ్వగలిగిన అతిపెద్ద ఖాతాదారు ప్రభుత్వమే. యూరోపియన్ యూనియన్‌లో ప్రభుత్వ కొనుగోళ్లే జీడీపీలో సుమారు 14 శాతం.

పెద్ద ఖాతాదారు ఒక్కసారి గట్టిగా అడిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి యూరప్ దాకా పోనక్కర్లేదు. ఇంట్లో తల పైకెత్తి బల్బు చూస్తే చాలు. 2014లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల ఉమ్మడి కంపెనీ ఈఈఎస్‌ఎల్ ఎల్‌ఈడీ బల్బుల కోసం మొదటి టెండర్ పిలిస్తే ఒక్కో బల్బు రేటు 310 రూపాయలు పలికింది. రాష్ట్రాల అవసరాలన్నీ కలిపి లక్షల్లో, కోట్లలో కొనుక్కుంటూ పోయేసరికి 2016కి అదే రేటు 38 రూపాయలకు దిగింది. తర్వాత కిరాణా కొట్లో కూడా ఎల్‌ఈడీ తప్ప మరొకటి దొరకని పరిస్థితి వచ్చింది. బల్బు చేసిన పని ఉక్కు చేయగలదా అన్నదే ఐడీడీఐ ముందున్న ప్రశ్న. బల్బు చిన్న వస్తువు, బ్లాస్ట్ ఫర్నేస్ కాదు. అంత త్వరగా అవుతుందనుకోవడం అత్యాశే.

2023 డిసెంబర్‌లో దుబాయ్ కాప్-28 సదస్సులో అసలు మాట బయటికొచ్చింది. కెనడా, జర్మనీ, బ్రిటన్, అమెరికా హరిత కొనుగోళ్ల హామీకి ఒప్పుకున్నాయి. ఆ హామీలో మెట్లున్నాయి. మొదటి మెట్టులో, 2025లోగా ప్రభుత్వ నిర్మాణాలకు వాడే ఉక్కు, సిమెంటు కార్బన్ లెక్క చూపించమని అడగాలి. పై మెట్లలో, 2030 నుంచి తక్కువ కార్బన్ సరుకే కొనాలి, ముఖ్యమైన ప్రాజెక్టుల్లో కొంత వాటా దాదాపు సున్నా కార్బన్ సరుకు ఉండాలి. మొదటి మెట్టులో ఎవరినీ కొనొద్దనడం లేదు, లెక్క చూపించమంటున్నారంతే. కానీ కామర్స్ చదివినవాళ్లకు తెలుసు, బ్యాలెన్స్ షీట్ చూపించమన్న రోజునే సగం గుట్టు బయటపడుతుంది.

ఆ నాలుగు దేశాల్లో భారత్ లేదు. బండి నడిపేవాళ్లలో ఒకరై ఉండి టికెట్ మాత్రం తీసుకోలేదన్నమాట. ఆతిథ్యమిచ్చిన యూఏఈ కూడా లేదు, సౌదీ కూడా లేదు. మాట ఇచ్చిన అమెరికా 2025 జనవరి 20న, ట్రంప్ మళ్లీ పదవి చేపట్టిన రోజునే, ఆ విధానానికి పునాది అయిన బైడెన్ కాలపు ఉత్తర్వును రద్దు చేసేసింది. ప్రభుత్వాలు కలిసి కొంటామన్న ఒప్పందాల బలహీనత ఇదే. ఫ్యాక్టరీ పెట్టుబడి ముప్పై ఏళ్లకు చూసుకుని పెడతారు, ఎన్నికలేమో నాలుగైదేళ్లకోసారి వస్తాయి. ఒక్క దేశాన్ని నమ్ముకుంటే యజమాని మునుగుతాడు. పది దేశాలు ఉంటే ఒకటి జారుకున్నా మార్కెట్ నిలబడుతుంది. కలిసి కొనడంలో ఉన్న అసలు లాభం కూడా అదే.

నక్షత్రాల తిరకాసు

కలిసి కొనాలంటే ముందు కొలబద్ద ఒకటి కావాలి. చిక్కంతా ఇక్కడే.

2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్‌కు నిర్వచనం విడుదల చేసింది. ఇలా అధికారికంగా చేసిన మొదటి దేశం తామేనని చెప్పుకుంది కూడా. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ కార్బన్ ఉంటే అది గ్రీన్. 2.0 నుంచి 2.2 వరకు మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 వరకు నాలుగు, 1.6 కంటే తక్కువైతే ఐదు. మన దేశంలో సగటు సుమారు 2.5 టన్నులు. ప్రపంచ సగటు 1.9 దగ్గర ఉంది. లెక్కించే పద్ధతుల్లో తేడాలున్నా, మన మూడు నక్షత్రాల సరుకు ప్రపంచ సగటు కంటే ఎక్కువ పొగ వదిలినదే కావచ్చని ఈ అంకెలు చెబుతున్నాయి. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ ‘దాదాపు సున్నా’ అనడానికి పెట్టిన హద్దు ఖనిజం నుంచి చేసిన ఉక్కుకు టన్నుకు 400 కిలోలే. పూర్తిగా స్క్రాప్ నుంచి చేసినదైతే 50 కిలోలు. మనకు ఐదు నక్షత్రాలొచ్చిన రాడ్ అక్కడ లైన్లో కూడా నిలబడలేదు.

ఇందులో మోసం ఉందనడం తొందరపాటే. 2.5 దగ్గర ఉన్నవాడికి 0.4 చూపిస్తే అసలు బయల్దేరనే బయల్దేరడు. మొదటి మెట్టు అందేంత ఎత్తులో ఉండాలి. పైగా మూడేళ్లకోసారి ఈ హద్దులు సమీక్షిస్తామని ఉక్కు శాఖ చెప్పింది. అయితే యూరప్ ఎదురుచూడటం లేదు. సరిహద్దు కార్బన్ పన్ను సీబీఏఎం 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. అక్కడ ఉక్కు అమ్మాలంటే వాళ్ల కొలబద్దే. ఇంట్లో ఒక కొలత, బజార్లో ఒక కొలత పెట్టుకుంటే రెండు సర్టిఫికెట్ల ఖర్చు. ఆ ఖర్చు పెద్ద కంపెనీకి లెక్కలోది కాదు. చిన్న రీరోలింగ్ మిల్లుకు మాత్రం అవుతుంది.

టెండర్ లెక్క మార్చడం అంత అసాధ్యమైన పనేమీ కాదు. నెదర్లాండ్స్ రోడ్ల శాఖ చేసి చూపించింది. ప్రతి బిడ్‌లో వాడే సామాను వల్ల పర్యావరణానికి జరిగే నష్టాన్ని యూరోల్లో లెక్కగట్టి, కోట్ చేసిన రేటుకు కలుపుతారు. మన లెక్కలో చెప్పుకుంటే, ఒకరు 10 కోట్లు వేశారు, ఆయన పని వల్ల నష్టం కోటి. రెండో ఆయన 10 కోట్ల 30 లక్షలు వేశారు, నష్టం 50 లక్షలు. కలిపితే మొదటాయనది 11 కోట్లు, రెండో ఆయనది 10 కోట్ల 80 లక్షలు. పని రెండో ఆయనకే పోతుంది. ఆయనకు చెల్లించేది మాత్రం 10 కోట్ల 30 లక్షలే. అంటే ఎల్-1 పద్ధతి ఎక్కడికీ పోలేదు, దాచిన ఖర్చు బయటికొచ్చింది. ప్రజల సొమ్ము అమానత్ అనుకునేవాళ్లకు ఈ హిసాబ్ కొత్తగా ఏమీ అనిపించదు.

మన దగ్గర కూడా తలుపు పూర్తిగా మూసి లేదు. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన సూచనలు కొన్ని రకాల పనుల్లో రేటుతో పాటు నాణ్యతకూ 30 శాతం వరకు మార్కులు వేయొచ్చన్నాయి. గ్రీన్ స్టీల్‌ను ప్రభుత్వ పనుల్లో కొంత వాటా మేరకు తప్పనిసరి చేసే విధానంపై ఉక్కు శాఖలో కసరత్తు కూడా జరుగుతోంది. రేటు పెరుగుతుందన్న భయం ఉంది. వంతెన ఖర్చులో ఉక్కు 15 శాతం, గ్రీన్ స్టీల్ 20 శాతం ఎక్కువ ధర అనుకున్నా మొత్తం మీద పెరిగేది 3 శాతం. భరించలేనిదేమీ కాదు. అయితే ఆ 3 శాతం ఎవరి జేబులోకి పోతుంది, ఎవరి జేబులోంచి పోతుంది అన్నది వేరే ప్రశ్న.

స్క్రాప్ ఎవరిది, నక్షత్రం ఎవరిది

‘పాత ఇనుప సామాన్లు కొంటాం’ అని మైకులో అరుచుకుంటూ బస్తీలో తిరిగే బండి నుంచి ఈ కథ మొదలవుతుంది. హైదరాబాద్ పాతబస్తీ నుంచి విజయవాడ ఆటోనగర్ దాకా ఈ వ్యాపారంలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. తండ్రి బండి తోస్తే కొడుకు గోదాం పెట్టాడు, మనవడు మిల్లుకు సప్లయ్ చేస్తున్నాడు. లోకం దృష్టిలో అది కబాడీ. ఉక్కు శాఖ 2019లో తెచ్చిన స్క్రాప్ విధానం లెక్క ప్రకారమైతే టన్ను స్క్రాప్ కరిగిస్తే 1.1 టన్నుల ఖనిజం, 630 కిలోల కోకింగ్ బొగ్గు మిగులుతాయి. కార్బన్ తక్కువ ఉక్కుకు అతి దగ్గరి దారి ఈ బండి మీదుగానే పోతుంది.

దేశంలో సగానికి పైగా ఉక్కు విద్యుత్ కొలుముల్లోంచే వస్తోంది. వీటిలో చాలావరకు చిన్న, మధ్యతరహా ఇండక్షన్ ఫర్నేస్‌లు. బొగ్గుతో చేసిన స్పాంజ్ ఐరన్ వేస్తే అవి బాగా పొగ లెక్కలో పడతాయి. స్క్రాప్ ఎక్కువ వేస్తే నక్షత్రాలొస్తాయి. అంటే మంచి స్క్రాప్‌కు గిరాకీ పెరుగుతుంది. సంతోషించాల్సిన విషయమే. కాకపోతే నక్షత్రం ఇచ్చేది కాగితం చూసి. మిల్లు ఏ సరుకు ఎంత వేసింది, కరెంటు ఎంత కాల్చింది అన్న లెక్కలన్నీ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెకండరీ స్టీల్ టెక్నాలజీ నిర్వహించే పద్ధతిలో తేలాలి, ఏటా సర్టిఫికెట్ తీసుకోవాలి. మిల్లు యజమాని అప్పుడు స్క్రాప్ అమ్మేవాణ్ణి అడుగుతాడు: బిల్లు ఏది?

నగదుకు కొని నగదుకు అమ్మే వ్యాపారంలో బిల్లు బుక్కు అరుదు. ఇప్పటికే 2024 అక్టోబర్ 10 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు స్క్రాప్ కొంటే పన్ను కొనేవాడే కట్టాలన్న నిబంధన వచ్చింది. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల మధ్య అమ్మకాలపై 2 శాతం టీడీఎస్ కూడా పెట్టారు. దాని మీద కార్బన్ కాగితం కూడా చేరితే మిల్లులు పెద్ద స్క్రాప్ కంపెనీల వైపు మళ్లుతాయి. సరుకు ఏరేది బండివాడే, ప్రీమియం మాత్రం మధ్యలో బిల్లు రాసినవాడికి.

ఇదే కథ పెద్ద స్థాయిలో విశాఖలోనూ ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్‌ల మీద నడిచే విశాఖ ఉక్కును నిలబెట్టడానికి కేంద్రం 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. బొగ్గు, ఖనిజం మీద ఆధారపడిన కర్మాగారాలకు 2.2 గీత దాటడం తేలిక కాదు. ప్రభుత్వ సొమ్ముతో బతికించిన ఫ్యాక్టరీ సరుకు ప్రభుత్వ టెండర్‌లోనే అర్హత పొందలేకపోతే ఆ విధానం రాసినవాళ్లు ఏం జవాబు చెబుతారో చూడాలి.

అందుకే గ్రీన్ కొనుగోళ్ల విధానం ముసాయిదా బయటికొచ్చినప్పుడు నక్షత్రాలు, శాతాల కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. చిన్న మిల్లుల సర్టిఫికెట్ ఫీజు ఎవరు కడతారు? స్క్రాప్ అమ్మే చిన్న వ్యాపారి ఫోన్లోంచే బిల్లు ఇచ్చేలా ఏదైనా సులువైన ఏర్పాటు ఉందా? పాత ఫ్యాక్టరీలకు ఎంత గడువిస్తారు? కొనుగోలుదారు ప్రభుత్వమే కాబట్టి ఈ షరతులన్నీ టెండర్ కాగితం మీదే రాయొచ్చు. అభ్యంతరాలు చెప్పే గడువు సాధారణంగా కొన్ని వారాలే ఉంటుంది. పెద్ద కంపెనీల సంఘాలు ఆ వారాల్లో ఢిల్లీలోనే ఉంటాయి. కబాడీ వ్యాపారుల సంఘాలు ఉన్న ఊళ్లలోనైనా ఒక్క ఉత్తరం పోవాలి, అది కూడా లెటర్‌హెడ్ మీద.