ప్రభుత్వ వెబ్‌సైట్లలో భద్రత, సౌలభ్యం, క్రమబద్ధత: విజయవాడ వరద అనుభవం నేపథ్యంలో ఒక పరిశీలన

విజయవాడ: 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, జక్కంపూడి కాలనీ తదితర ప్రాంతాలను ముంచెత్తింది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానదిలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించింది. ఆ రోజులలో ప్రభుత్వ యంత్రాంగం ఆహారాన్ని, మంచినీటిని, పడవలను బాధితులకు చేర్చడంతో పాటు సమాచారాన్ని కూడా చేర్చవలసి వచ్చింది. సహాయక చర్యల గురించి పత్రికలు అప్పుడే విస్తృతంగా వ్రాశాయి. సమాచారం ఏ రూపంలో, ఎవరికి, ఎంత భద్రంగా చేరుతున్నది అన్న విషయం మాత్రం అంతగా చర్చకు రాలేదు.

నీరు తీసిన తరువాత ఆ ప్రశ్న మరింత స్పష్టంగా ముందుకు వచ్చింది. నీట మునిగిన ఇళ్లలో కింది అంతస్తులో నివసించే కుటుంబాలకు 25,000 రూపాయలు, మొదటి అంతస్తు, ఆపైన ఉన్నవారికి 10,000 రూపాయల చొప్పున సహాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఇంటింటి గణన జరిపి, జాబితాలను సచివాలయాలలో ప్రదర్శించి, అభ్యంతరాలను స్వీకరించి, సొమ్మును నేరుగా బ్యాంకు ఖాతాలకు జమ చేయడం జరిగింది. ఇటువంటి జాబితాకు పరస్పర విరుద్ధమైన రెండు ధర్మాలు ఉన్నాయి. తన పేరు ఉన్నదో లేదో ప్రతి బాధితుడూ చూసుకోగలగాలి. అదే సమయంలో అతని ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య మరెవరి కంటా పడరాదు. సురక్షితమైన, అందరికీ సులభంగా అందే వెబ్‌సైటు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఈ రెండవ ధర్మాన్ని విస్మరించిన సందర్భాలు రాష్ట్రంలో లేకపోలేదు. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో వెలువరించిన నివేదిక, ఆధార్ సంఖ్యలు బహిరంగంగా కనిపించిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పేర్కొన్నది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఒకటి ఉపాధి హామీ పథకం రోజువారీ చెల్లింపుల నివేదికలు, మరొకటి చంద్రన్న బీమా పథకం. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ వివరాలు బహిర్గతమైనట్లు వెల్లడి కావడంతో వాటిని తొలగించడం జరిగింది. వీటిలో ఏ ఒక్కటీ బయటి వ్యక్తులు గోడ దూకి లోపలికి ప్రవేశించిన ఉదంతం కాదు. పారదర్శకత కోసమని కార్యాలయం స్వయంగా ప్రచురించిన పట్టికలే ఇవి. ఏ గడి ప్రజలకు, ఏ గడి కార్యాలయానికి అన్న నిర్ణయం ముందుగా జరగకపోతే, ఎంత ఖరీదైన భద్రతా వ్యవస్థ ఉన్నా ప్రయోజనం ఉండదు. పేరు, ఇంటి నంబరు, వార్డు, మంజూరైన మొత్తం, దరఖాస్తు స్థితి: వరద సహాయ జాబితాకు ఇవి చాలు. అవసరమైన చోట ఆధార్‌లో చివరి నాలుగు అంకెలు మాత్రమే చూపవచ్చును.

మొదటి ధర్మానికి అడ్డుపడుతున్నది మరింత సామాన్యమైన అలవాటు. అనేక కార్యాలయాలలో ఉత్తర్వునుగాని జాబితానుగాని ముందు కంప్యూటరుపైనే తయారు చేస్తారు. తరువాత దానిని ముద్రించి, సంతకం, ముద్ర వేయించి, ఆ కాగితాన్ని స్కాన్ చేసి వెబ్‌సైటులో ఉంచుతారు. అక్షరాలుగా పుట్టినది బొమ్మగా మారి ప్రజల ముందుకు వస్తుంది. ఆ బొమ్మలో పేరును వెతకడం సాధ్యం కాదు. వందల పేజీలను ఒక్కొక్కటిగా తిప్పి చూడవలసిందే. చూపులేనివారు వాడే ఎన్‌వీడీఏ వంటి తెర చదివే సాఫ్ట్‌వేరుకు అది ఖాళీ కాగితంతో సమానం. చిన్న ఫోనుతో, బలహీనమైన సిగ్నలుతో ఉన్న వరద బాధితునికి ఆ ఫైలు తెరుచుకోవడమే గగనం.

తెలుగు విషయంలో ఇంకొక చిక్కు ఉన్నది. యూనికోడ్ ప్రమాణం 1991 నుంచీ తెలుగు లిపికి స్థానం కల్పించినప్పటికీ, ముద్రణ కోసం రూపొందిన పాత ఫాంట్ల వాడకం కార్యాలయాలలో చాలాకాలం కొనసాగింది. అటువంటి ఫాంటులో సిద్ధం చేసిన పత్రం కంటికి తెలుగుగా కనిపించినా యంత్రానికి మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల గుంపే. దానిని శోధన యంత్రం పట్టలేదు, సాఫ్ట్‌వేరు చదవలేదు, విలేకరి తన వార్తలోకి నకలు చేసుకొనలేడు. పత్రం యూనికోడ్‌లో పుట్టి, డిజిటల్ సంతకంతో ఆమోదం పొంది, అదే రూపంలో ప్రచురితమైతే ఈ బాధ చాలావరకు తొలగుతుంది. అందుకు కొత్త నిధులేమీ అక్కరలేదు.

చట్టం ఈ దిశలో స్పష్టంగానే ఉన్నది. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు 2009లో తొలిసారి వెలువడి, 2023లో మూడవ సంచికకు చేరాయి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 లోని 42వ సెక్షన్ సమాచార, సాంకేతిక మాధ్యమాలన్నీ వారికి అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. 2017 నాటి నియమావళి వెబ్‌సైట్లలో ఉంచే పత్రాలు యంత్రం చదవగలిగిన రూపంలో ఉండాలని నిర్దేశించింది. అయితే 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నియమావళిలోని 15(1)వ నిబంధనను కొట్టివేసింది. ప్రమాణాలు అక్కరలేవని దీని భావం కాదు. చట్టం తప్పనిసరి చేసిన దానిని నియమం కేవలం సిఫార్సుగా మార్చివేసిందన్నదే న్యాయస్థానం అభ్యంతరం. తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలలలో రూపొందించాలని ఆదేశించింది కూడా. 2025 ఏప్రిల్ 30న వెలువరించిన మరో తీర్పులో డిజిటల్ సేవలను పొందగలగడం జీవించే హక్కులో అంతర్భాగమని పేర్కొన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 22 లక్షలకు పైగా ఉన్నారు.

కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల వెబ్‌సైట్లు జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం రూపొందించిన ఎస్‌త్రీవాస్ వేదికపై నడుస్తున్నాయి. సురక్షిత, విస్తరణయోగ్య, సుగమ్య అన్న మూడు లక్షణాలనూ ఆ పేరులోనే ఇమిడ్చారు. అక్షరాల పరిమాణం, రంగుల తేడా మార్చుకునే సౌకర్యం వంటివి వేదికతోనే వస్తాయి. ప్రతి ప్రకటనకూ ఆరంభ, ముగింపు తేదీలు ఉంటాయి. గడువు తీరినవి పాత దస్త్రాల విభాగానికి చేరుతాయి. ప్రతి పత్రం పక్కన 'అందుబాటు ప్రతి' అన్న సూచిక కూడా కనిపిస్తుంది. దాని వెనుక ఉన్నది స్కాన్ చేసిన బొమ్మే అయితే ఆ సూచిక చేయగలిగింది ఏమీ లేదు. ఇల్లు కట్టి ఇచ్చినంత మాత్రాన లోపలి సామాను దానంతట అదే సర్దుకొనదు కదా.

ఇక క్రమబద్ధత. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పడగా, మచిలీపట్నం కృష్ణా జిల్లా కేంద్రంగా కొనసాగింది. ఇటువంటి మార్పు జరిగినప్పుడు పాత లంకెలు తెగిపోకుండా కొత్త పేజీకి దారి చూపడం వెబ్‌సైటు నిర్వహణలో మొదటి నియమం. అంతకంటె ముఖ్యమైనది పేజీల అమరిక. సామాన్యుడు శాఖ పేరుతో కాదు, తన అవసరంతో వస్తాడు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారన్నది డెల్టా రైతు ప్రశ్న. అది ఏ శాఖ పరిధిలోనిదో అతనికి తెలియనక్కరలేదు. శీర్షికలను కేవలం పెద్ద అక్షరాలతో కాక శీర్షికలుగానే గుర్తించి వ్రాస్తే, తెర చదివే సాఫ్ట్‌వేరు ఒక్క మీటతో ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు దూకగలుగుతుంది. పట్టికలోని నిలువు వరుసలకు పేర్లు ఉంటేనే '25,000' అన్న అంకె సహాయమో, దరఖాస్తు సంఖ్యో వినేవారికి బోధపడుతుంది.

వరద హెచ్చరికల విషయంలో ఈ తేడా ప్రాణాలతో ముడిపడి ఉన్నది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరికను, 5.69 లక్షలకు చేరితే రెండవ హెచ్చరికను జారీ చేస్తారు. ఈ సమాచారాన్ని రంగుల పోస్టరుగా మాత్రమే ఉంచితే అది ఫోన్ల మధ్య వేగంగానే తిరుగుతుంది. కాని తేదీ, సమయం లేని పోస్టరు మరుసటి ఏడాది వరదలోనూ తిరుగుతుంది! జారీ చేసిన గంట, ప్రవాహం, వర్తించే మండలాలు నాలుగు వాక్యాలలో, అక్షర రూపంలో, ప్రభుత్వ డొమైనులోని ఒకే స్థిరమైన చిరునామాలో ఉంటే వదంతిని సరిచూసుకునే చోటు విలేకరికీ, లంక గ్రామాల వాసికీ ఒక్కటే అవుతుంది. 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభమైన 'మన మిత్ర' వాట్సాప్ పాలన తరువాత కూడా ఈ అవసరం తగ్గలేదు. సందేశం ద్వారా వచ్చే లంకె చివరకు ఏదో ఒక పేజీ వద్దకో, పత్రం వద్దకో చేర్చవలసిందే.

సైబర్ భద్రతా సంఘటనలను గుర్తించిన ఆరు గంటలలోగా తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఇది ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది. జిల్లా స్థాయిలో ఆ ఆరు గంటలు ఎవరి గడియారంలో మొదలవుతాయో, సెలవు రోజున ఫోను ఎవరు ఎత్తుతారో వ్రాతపూర్వకంగా నిర్ణయించుకొనవలసి ఉన్నది.

డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2023 కింద నియమావళి 2025 నవంబరులో వెలువడింది. అందులోని ప్రధాన బాధ్యతలు 18 నెలల తరువాత, అనగా 2027 మే నెలలో అమలులోకి రావలసి ఉన్నవి. ఈలోగా వచ్చే వరదకు ఇంటింటి గణన పట్టికలో ఏ గడులు ప్రచురణకు, ఏవి కార్యాలయానికి అన్నది ఇప్పుడే విభజించి ఉంచడానికి ఆ తేదీ కోసం వేచి ఉండనక్కరలేదు.